సిలిండర్ కొనే ముందు ఫ్రేము చూడండి

మారాలనుకున్నవాడు మొదట చేసే పని ఏదో ఒకటి కొనడం. కోర్సు కొంటాడు, డైరీ కొంటాడు, పరుగెత్తే బూట్లు కొంటాడు, జేబు తిరగబడితే అప్పు చేసైనా ల్యాప్‌టాప్ కొంటాడు. కొన్నది ఎక్కడ కూర్చోవాలో ఆ చోటు మాత్రం చూసుకోడు. ఉగాది నాటికి డైరీలో సంక్రాంతి దాకా రాతలుంటాయి, తర్వాతవన్నీ తెల్ల కాగితాలే. డైరీ తప్పేమీ లేదు.

ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు పాత రివాల్వర్ల సరదా ఉన్నవాళ్లు. నవ్వకండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వంద పేజీల్లో చెప్పేది వాళ్లు ఒక్క కొనుగోలులో నేర్చుకుంటారు, అదీ సొంత డబ్బు పెట్టి.

అసలు సరుకేమిటో ముందు చూద్దాం. అమెరికా అంతర్యుద్ధం నాటి రివాల్వర్లకు నకళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఇటలీలో ఉబెర్టి, పియెట్టా కంపెనీలు వీటికి పేరుపడ్డవి. వీటిలో తూటా ఉండదు. సిలిండర్‌లో ఆరు అరలుంటాయి. ఒక్కో అరలో ముందువైపు నుంచి తుపాకిమందు పోయాలి, దాని మీద సీసపు గుండు పెట్టాలి, గొట్టం కిందున్న మీటతో దట్టించాలి. తర్వాత సిలిండర్ వెనక మొనలకు పప్పుగింజంత క్యాపులు తొడగాలి. ఆరు అరలకూ ఇదే తంతు. పేల్చాక ఎదుటివాడు కనబడనంత పొగ, వేళ్లనిండా మసి. ఆలస్యం చేయకుండా వేడినీళ్లతో, సబ్బుతో కడిగి నూనె రాయకపోతే తుప్పు పట్టేస్తుంది. బంగారుపేట, కామసముద్రం వైపు అడవి అంచు పల్లెల్లో పెద్దవాళ్లు నాటు తుపాకి దట్టించడం చూసినవాళ్లకు ఇదంతా తెలిసిన గొడవే.

ఇంత తంటా పడలేక కొందరు ఆ సిలిండర్‌ను ఊడదీసి, తూటాలు పట్టే మరో సిలిండర్ బిగించుకుంటారు. దాన్ని కన్వర్షన్ సిలిండర్ అంటారు. గొట్టం పాతదే, పిడి పాతదే, ట్రిగ్గర్ పాతదే. మధ్యలో ఒక్క భాగం మారుతుంది, తుపాకి ఒక తరం ముందుకు జరుగుతుంది. చవకేమీ కాదు, దాదాపు రివాల్వర్ ధరంత పడుతుంది. అందుకే తెలిసినవాడు రివాల్వర్ కొనేనాడే అడుగుతాడు: రేపు దీనికి ఏ సిలిండర్ పెట్టబోతున్నాను, ఈ ఫ్రేము దాన్ని మోస్తుందా? తెలియనివాడు రివాల్వర్ ముచ్చటపడి కొని, ఆ తర్వాత దానికి సరిపడే సిలిండర్ కోసం తిరుగుతాడు.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. మన దేశంలో ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే సరదా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాన్ని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చడం నేరం. పంట కాపలా కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు అదే చట్టం 13వ సెక్షన్‌లో ఉంది, దాన్ని విప్పి మార్చుకునే వీలు మాత్రం లేదు. కాబట్టి మనకు పనికొచ్చేది తుపాకి కాదు, దాన్ని ఎంచుకునేవాడి బుద్ధి.

షాపులో రెండు రివాల్వర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఇత్తడి ఫ్రేముది. బంగారంలా మెరుస్తుంది, ధరా తక్కువ. రెండోది ఉక్కు ఫ్రేముది, నల్లగా, దిష్టిబొమ్మ పక్కన పెట్టినా ఎవరూ చూడనట్టు ఉంటుంది. కొత్తవాడి చెయ్యి ఇత్తడి మీదికే పోతుంది. తక్కువ మందు వేసి గుండ్లు పేల్చుకున్నంతకాలం ఇత్తడిది బాగానే పనిచేస్తుంది కూడా. తూటా సిలిండర్ పెట్టాక కథ మారుతుంది. పేలిన ప్రతిసారీ సిలిండర్ వెనక్కి తన్ని ఫ్రేముకు తగులుతుంది. ఇత్తడి మెత్తన. తగిలిన చోట ముద్ర పడుతుంది, ఫ్రేము కొంచెం కొంచెంగా సాగుతుంది, సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు పెరుగుతుంది. కన్వర్షన్ సిలిండర్లు తయారుచేసేవాళ్లు ఇత్తడి ఫ్రేముకు వాడొద్దని నిక్కచ్చిగా చెబుతారు.

అసలు ఇత్తడి ఫ్రేములు ఎందుకు పుట్టాయి? అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకు ఇనుము, ఉక్కు కరువయ్యాయి. జార్జియాలో గ్రిస్‌వాల్డ్ అండ్ గన్నిసన్ కంపెనీ కోల్ట్ నేవీ రివాల్వర్‌ను అనుకరించి ఇత్తడి ఫ్రేముతో చేసింది. గత్యంతరం లేక వాడిన లోహం అది. ఇవాళ అదే అందం పేరుతో అమ్ముడవుతోంది.

ఇత్తడి మనుషులు మీ ఆఫీసులో ఉన్నారు. మీటింగులో వాళ్లు మాట్లాడితే వినాలనిపిస్తుంది. తేలిక పని ఉన్నంతకాలం వాళ్లే ముందుంటారు. నెలాఖరు వస్తుంది, ఇద్దరు సెలవు పెడతారు, కస్టమర్ అరుస్తాడు, అప్పుడు చూడండి. ముద్రలు పడడం మొదలవుతుంది. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. తమ ఫ్రేము ఏ లోహమో చూసుకోకుండా పెద్ద సిలిండర్ ఎక్కించుకున్నవాళ్లు, అంతే.

మరి మనిషిలో ఫ్రేము ఏది? ఎవరూ ఫొటో తీసి పెట్టుకోనివన్నీ. చెప్పిన టైముకు రావడం. ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు ఇవ్వడం. గంటసేపు ఫోను ముట్టుకోకుండా ఒకే పని మీద కూర్చోవడం. రాత్రి నిద్రపోవడం. నెల జీతంలో ఎంతో కొంత మిగలడం. ‘నాకు తెలియదు, చెప్పండి’ అనగలగడం. వీటి మీద పాఠం చెబితే హాలు సగం ఖాళీ అవుతుంది. కమ్యూనికేషన్ స్కిల్స్ అని బోర్డు పెడితే నిండుతుంది. మన శిక్షకులు హాలు చూసి పాఠం ఎంచుకుంటున్నారని నా అభిప్రాయం.

ఫ్రేము అంటే ఏమిటో కంటితో చూడాలంటే కోలారు జిల్లా బేతమంగళ వెళ్లండి. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు పక్క ఊరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల వైపు వెళ్తే తమిళం వినబడే నేల. పాలారు నది మీద అక్కడొక పెద్ద చెరువుంది. ఊరు పాతది, శాసనాల్లో దీని పేరు విజయాదిత్య మంగళం. తెగిన చెరువును నొళంబుల కాలంలో, అంటే పదో శతాబ్దంలో, మళ్లీ కట్టించిన సంగతి కూడా శాసనాలకు ఎక్కింది. తెగడం, పూడ్చడం, మళ్లీ తెగడం, మళ్లీ పూడ్చడం. చెరువు చరిత్రంటే అంతే కదా. వెయ్యేళ్ల పాటు ఎవరో ఒకరు మట్టి మోశారు.

బెంగళూరు నుంచి మద్రాసు వెళ్లే పాత బాట మీద ఉన్నంతకాలం బేతమంగళ కళకళలాడింది. 1864లో బెంగళూరుకు రైలొచ్చింది, పట్టాలు బౌరింగుపేట మీదుగా పోయాయి. అదే నేటి బంగారుపేట. బండ్లు ఆ దారి పట్టాయి, వ్యాపారం ఆ దారి పట్టింది, బేతమంగళ వెనకబడింది. అంతటితో ఆ ఊరి కథ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

ఇంతలో పక్కన బంగారం బయటపడి, జాన్ టేలర్ కంపెనీ చేతుల్లో గనులు లోతుకు దిగాయి. వేలాదిమంది కార్మికులు, లైన్లలో ఇళ్లు, మిల్లులు. మనుషులకు తాగడానికి నీళ్లు కావాలి, రాయి పిండి చేసే మిల్లుకూ నీళ్లు కావాలి. కోలారు జిల్లాలో నీళ్లెక్కడ? ఆ వెతుకులాట వచ్చి ఆగింది బేతమంగళ చెరువు దగ్గర. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడ వాటర్‌వర్క్స్ పెట్టారు, నీళ్లు శుద్ధి చేసి పంపులతో గనుల ఊరికి ఎక్కించారు. పంపు కొత్తది, గొట్టాలు కొత్తవి, చెరువు మాత్రం పాతదే. ఆ చెరువు లేకపోతే ఆ పంపు ఎంత గొప్పదైనా మట్టి పీల్చేది.

రైలు తప్పిపోయిన ఊరు చెరువు వల్ల మళ్లీ లెక్కలోకి వచ్చింది. మీ జీవితంలో రైలు పక్క ఊరి మీదుగా పోయి ఉండొచ్చు. ఇంజినీరింగ్ సీటు తప్పిపోయి ఉండొచ్చు, ప్రమోషను ఇంకొకరికి పోయి ఉండొచ్చు. దాన్ని తలచుకుని కూర్చుంటే పట్టాలు వెనక్కి రావు. మీ దగ్గర పాతదై, రోజూ చూస్తూ చూస్తూ మీరే పట్టించుకోవడం మానేసిన చెరువు ఏదో చూడండి. బేతమంగళ కుర్రాడు బెంగళూరులో ఇంటర్వ్యూకి వెళ్లి ‘నాకు ఇంగ్లీషు సరిగా రాదు సార్’ అంటాడు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ తడుముకోకుండా మాట్లాడతానని మాత్రం చెప్పడు. బెంగళూరులో ఒక గిడ్డంగి నడపాలన్నా, ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చోవాలన్నా, కొట్లాడుకుంటున్న ఇద్దరు కాంట్రాక్టర్లను శాంతపరచాలన్నా ఆ మూడు భాషలు ఉక్కు ఫ్రేము. ఇంగ్లీషు దాని మీద ఎక్కించే సిలిండర్. ఆరు నెలల్లో ఎక్కించవచ్చు. మూడు భాషలు ఆరు నెలల్లో రావు.

పెద్ద ఎత్తున జరిగిన మార్పు కావాలంటే అదే గనుల్లో ఉంది. మొదట్లో మిల్లులూ యంత్రాలూ ఆవిరితో నడిచేవి. కట్టెలు కావాలి, బొగ్గు కావాలి, అవి ఎక్కడినుంచో మోసుకురావాలి. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో కావేరి మీద శివనసముద్రం దగ్గర విద్యుత్కేంద్రం మొదలుపెట్టారు. సుమారు 147 కిలోమీటర్ల లైను లాగి 1902 జూన్ 30న కేజీఎఫ్‌కు కరెంటు ఇచ్చారు. అప్పట్లో ఆసియాలోనే అంత పొడవైన లైను లేదు. బెంగళూరులో వీధిదీపం వెలిగింది ఆ తర్వాతే, 1905లో. శేషాద్రి అయ్యర్ మాత్రం లైను వెలగడం చూడలేదు, 1901లోనే కన్నుమూశారు.

ఇక్కడ చూడాల్సింది తీగల పొడవు కాదు. రాయి అదే, గని అదే, బంగారం తీసే పద్ధతి అదే, పనివాళ్లు వాళ్లే. మారింది నడిపించే శక్తి ఒక్కటే. గనిని మూసి కొత్త గని తవ్వుదామని ఎవరూ అనలేదు. ఏది మార్చాలో దాన్నే మార్చారు. మన వాళ్లలో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులు చేస్తారు. నిద్ర తక్కువై పని సాగకపోతే ఉద్యోగం మార్చేస్తారు. డబ్బు లెక్క రాక ఇబ్బంది పడితే ఊరు మార్చేస్తారు. కొత్త ఊళ్లో పాత లెక్కే మళ్లీ ఎదురవుతుంది. అద్దె మాత్రం ఎక్కువ.

మళ్లీ రివాల్వర్ దగ్గరికి వద్దాం, అసలు మెలిక ఇంకా ఉంది. లేబుల్ మీద అంకె ఒకటి ఉంటుంది, లోపలి కొలత ఇంకొకటి ఉంటుంది. .44 అని రాసి ఉన్న పాత రకం రివాల్వర్ గొట్టం కొలిచి చూస్తే లోపలి గాడి దగ్గర అంగుళంలో నూటికి నలభై అయిదు వంతులు, అంటే .45 దగ్గర ఉంటుంది. అందుకే దానికి .45 కోల్ట్ తూటాల సిలిండర్ చక్కగా నప్పుతుంది. .36 నేవీ అని రాసి ఉన్నదాని గొట్టం సుమారు .375 ఉంటుంది. దానికి .38 సిలిండర్ అమ్ముతారు. పేరు చూస్తే ఇదీ నప్పాలి. కానీ .38 తూటాలో గుండు నిజ వ్యాసం .357, .358 మాత్రమే. గొట్టంలో వదులుగా పోతుంది, గురి తప్పుతుంది. అందుకని అడుగున బోలుగా ఉండి, పేలినప్పుడు విచ్చుకునే గుండ్లు వాడాల్సి వస్తుంది. రాసినదాన్ని నమ్మినవాడు నష్టపోతాడు, కొలిచినవాడు బాగుపడతాడు.

మీ బయోడేటా మీద ఉన్నది లేబుల్. బీకాం అని ఉంటుంది, జర్నల్ ఎంట్రీ వేయమంటే చెయ్యి ఆగిపోతుంది. పదో తరగతి అని ఉంటుంది, నలభై మందికి భోజనాలు లెక్కవేసి, సరుకు తెప్పించి, వండించి, రూపాయి తేడా రాకుండా ఖర్చు చెబుతాడు. ఇద్దరూ తమ అసలు కొలత తెలియక తప్పు సిలిండర్ కొంటారు. మొదటివాడు ఎంబీఏ కట్టి మునుగుతాడు. రెండోవాడు ‘నాకేం వచ్చు’ అని చిన్న ఉద్యోగంలో ఉండిపోతాడు. కొలత తీసుకోవడానికి పరీక్షలు, పర్సనాలిటీ టెస్టులు అక్కర్లేదు. గత సంవత్సరంలో ఎవరైనా మీ దగ్గరికి పనిగట్టుకుని వచ్చి ‘ఇది నువ్వే చేయాలి’ అని అడిగిన పనులు గుర్తుచేసుకోండి. అదీ మీ గొట్టం వ్యాసం.

ఇంకో విషయం. తూటా అడుగున అంచు ఉంటుంది, పాత క్యాపు కన్నా చాలా వెడల్పు. ఆరు అరల సిలిండర్‌లో ఆరు తూటాలు నిటారుగా పెడితే అంచులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. అందుకే 1868లో రెమింగ్టన్ కంపెనీ తన రివాల్వర్లను తూటాలకు మార్చినప్పుడు ఆరు అరలను అయిదు చేసింది. ఇప్పటి సిలిండర్లలోనూ కొన్ని అయిదు అరలవే. ఆరూ కావాలన్న తయారీదారు అరలను రవంత ఏటవాలుగా తొలిచి వెనకవైపు చోటు సంపాదించాడు. అది నైపుణ్యం, దానికి ఖరీదు ఎక్కువ. మామూలు మనిషి ఒక అర వదులుకోవడానికి సిద్ధపడాలి. పొద్దున అయిదింటికి లేచి చదవాలనుకుంటే రాత్రి పదకొండింటి సీరియల్ పోతుంది. రెండూ పడతాయని చెప్పేవాణ్ని నమ్మకండి. వాడు బహుశా టికెట్లు అమ్ముతున్నాడు.

రెమింగ్టన్ పేరు ఎత్తాం కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి. నాకు ఇష్టమైన కథ. సిలిండర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తొలిచి వెనకనుంచి తూటా పెట్టే ఏర్పాటుకు రోలిన్ వైట్ అనే ఆయన 1855లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన కోల్ట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసినవాడే. హక్కు మాత్రం స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేతికి వెళ్లింది. 1869లో పేటెంటు ముగిసేదాకా తక్కిన కంపెనీలకు ఆ తలుపు మూసేసి ఉంది. అప్పుడు రెమింగ్టన్ ఏం చేసింది? పోటీదారు గడప తొక్కి, రాయల్టీ కట్టి, పని మొదలుపెట్టింది. కోల్ట్ ఏం చేసింది? పేటెంటును తప్పించుకోవడానికి తూటాను ముందునుంచే పెట్టే ఒక వంకర ఏర్పాటు తెచ్చింది. థ్యూర్ కన్వర్షన్ అంటారు, 1868 నాటిది. జనానికి నచ్చలేదు. పేటెంటు గడువు తీరాక 1871 ప్రాంతంలో గానీ కోల్ట్ తిన్నని దారికి రాలేదు. అప్పుడు అమెరికా సైన్యం సుమారు 1200 పాత కోల్ట్ ఆర్మీ రివాల్వర్లను మార్పించుకుంది. 1873లో పూర్తిగా కొత్త రివాల్వర్ వచ్చింది.

తెలిసినవాడి దగ్గరికి వెళ్లి అడగడం, అవసరమైతే ఫీజు ఇవ్వడం చిన్నతనం కాదు. పక్క సీటులో కూర్చున్నవాడికి ఎక్సెల్ బాగా వచ్చు, అడిగితే పది నిమిషాల పని. అడగం. వాడు మనకన్నా జూనియర్. రాత్రి రెండింటిదాకా వీడియోలు చూసి ఒక వంకర పద్ధతి కనిపెడతాం. ఇది మన థ్యూర్ కన్వర్షన్. ‘తమ్ముడూ, కొంచెం చూపించవా’ అనేది రాయల్టీ. చాలా చవక.

సిలిండర్ ఎంచుకోవడంలోనూ రెండు దారులున్నాయి. ఒక రకానికి ఫ్రేము కోయక్కర్లేదు. పాతది తీసి ఇది పెట్టుకోవాలి, తూటాలు నింపాలంటే ప్రతిసారీ సిలిండర్ బయటికి తీయాలి. విసుగే, కానీ రేపు వద్దనుకుంటే పాత సిలిండర్ మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంకో రకంలో పక్కనుంచి ఒక్కో తూటా నింపుకోవచ్చు, సుఖంగా ఉంటుంది, దానికోసం ఫ్రేము పక్కన లోహం కోయాలి. కోసింది మళ్లీ అతకదు. మొదటి మార్పుగా కోత లేనిదే తీసుకోమంటాను. ఉద్యోగం మానేసి బిర్యానీ సెంటర్ పెట్టే ముందు ఆదివారాలు మాత్రం పెట్టి చూడండి. ఓడలు తగలబెట్టి వచ్చిన వీరుల కథలు వేదికల మీద బాగుంటాయి. ఆ వేదిక ఎక్కని వాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టరు.

ఊడదీయడం సులువుగా ఉండడం కూడా చూసుకుంటారు. రెమింగ్టన్ 1858 నమూనాలో సిలిండర్ పైన కూడా ఉక్కు పట్టీ ఉంటుంది, చుట్టూ మూసిన గట్టి ఫ్రేము. హామర్‌ను సగం ఎత్తి, కింది మీట దించి, ఇరుసు ముందుకు లాగితే సిలిండర్ పక్కకు దొర్లి చేతిలో పడుతుంది. కోల్ట్ 1860 నమూనాకు పైన పట్టీ లేదు. చీల కొట్టి గొట్టమే ఊడదీయాలి. అందంలో కోల్ట్‌దే పైచేయి అంటారు, నేనూ ఒప్పుకుంటాను. మార్పిడికి మాత్రం చాలామంది రెమింగ్టన్‌నే ఎంచుకుంటారు. ఏ కంపెనీ రివాల్వర్‌కు చేసిన సిలిండర్ ఆ కంపెనీదానికే నప్పుతుంది. పియెట్టాది ఉబెర్టికి పట్టదు, చూడడానికి రెండూ కవలలే అయినా. అన్నయ్యకు కలిసొచ్చిన కోచింగ్ తమ్ముడికి కలిసిరాకపోతే తమ్ముణ్ని తిట్టే తల్లిదండ్రులు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

అన్నీ కుదిరాక కూడా ఒక హద్దు మిగిలే ఉంటుంది. సిలిండర్ కొత్తదైనంత మాత్రాన తుపాకి కొత్తది కాదు. ఆ ఫ్రేము తుపాకిమందు ఒత్తిడికి లెక్కకట్టి చేసినది. తూటాల్లో కూడా మందుగుండు నెమ్మదిగా ఉన్న సీసపు తూటాలే వాడాలి. నేటి జోరు తూటా అరలో పడుతుంది కదా అని వేస్తే పగిలేది తుపాకి ఒక్కటే కాదు, చెయ్యి కూడా. ప్రమోషను వచ్చిన మొదటి నెలలోనే పది కొత్త పద్ధతులు పెట్టేవాళ్లకు ఈ మాట చెప్పాలి. కుర్చీ మారింది, మీరు ఇంకా నిన్నటి మనిషే. బరువు పెంచండి, నెలకింత చొప్పున.

ఫ్రేము మాట అనుకుంటూ కేజీఎఫ్ చివరి రోజులు దాటవేయడం న్యాయం కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. వ్యక్తిత్వ వికాసం రాసేవాళ్లకు ఇలాంటి చోట ఒక చెడ్డ అలవాటుంది. ‘మార్పుకు సిద్ధపడలేదు’ అని కార్మికుడికే పాఠం చెబుతారు. గని మూత కార్మికుడి తప్పు కాదు. తాతల నాటినుంచి ఒకే పని నేర్పి, ఒకే వీధిలో ఉంచి, ఒక తేదీన గేటు వేశారు. ఆ తర్వాత వేలమంది మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి, సుమారు వంద కిలోమీటర్లు వెళ్లి బెంగళూరులో పని చేసి, రాత్రికి ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నారు. వాళ్లు ఏ సెమినార్‌కూ వెళ్లలేదు. తెల్లవారకముందే లేచి షిఫ్టుకు అందుకునే అలవాటు గని ఇచ్చింది, ఆ ఫ్రేము మీద ఇంకో ఉద్యోగం ఎక్కించుకున్నారు. బరువైన మార్పే. వాళ్లను చూసి నేర్చుకోవాలి, వాళ్లకు నేర్పడం కాదు.

అదే గనిలో ఇంకో మార్పిడి కూడా జరిగింది, ఇది కొంచెం విచిత్రం. చాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి. లోతే దాని శాపం. వేడి, గాలి ఆడకపోవడం, రాయి విరగడం, తవ్వకం ఖర్చు, అన్నీ లోతు వల్లే. కానీ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలకు కావలసింది ఆ లోతే. ఆకాశం నుంచి వచ్చిపడే కాస్మిక్ కిరణాల రొద వినబడని చోటు వాళ్లకు కావాలి. తలమీద రెండు కిలోమీటర్లకు పైగా రాయి ఉంటే ఆ రొద దాదాపు ఆగిపోతుంది, న్యూట్రినోలు మాత్రం రాయిని లెక్కచేయకుండా వచ్చేస్తాయి. హోమీ భాభా ప్రోత్సాహంతో బి.వి. శ్రీకంఠన్ 1950ల్లోనే అక్కడ పరికరాలు దించారు. 1965లో ఎం.జి.కె. మీనన్ బృందం జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతులో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టుకుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ఇంకో బృందమూ పట్టింది, అక్కడా బంగారు గనిలోనే.

మీలో లోపం అని అందరూ అన్నదాన్ని ఒకసారి ఈ కంటితో చూడండి. ‘వీడు ఎవరితో కలవడు’ అని పెళ్లిళ్లలో అనిపించుకునేవాడు ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చుని ఆడిట్ పూర్తిచేస్తాడు. ‘దీనికి ప్రతిదానికీ అనుమానమే’ అనిపించుకునే అమ్మాయి క్వాలిటీ చెక్‌లో కంపెనీని కాపాడుతుంది. లోతు తక్కువ చేసుకోమని గనికి ఎవరూ సలహా ఇవ్వలేదు. లోతు కావలసినవాళ్లు వచ్చారు. అలాగని ప్రతి దుర్గుణమూ రేపు గొప్పతనం అవుతుందని మురిసిపోకండి. బద్ధకం ఏ ప్రయోగశాలకూ పనికిరాలేదు.

కాబట్టి కోర్సు ఫీజు కట్టే ముందు, రాజీనామా రాసే ముందు ఒక పని చేయండి. మీరు మారబోయే పనిలో ఇప్పటికే ఉన్నవాణ్ని ఒకణ్ని వెతికి పట్టుకోండి. ‘అన్నా, ఒక్కరోజు నీ పక్కన నిలబడి ఈ పని నేను చేస్తాను, నా చెయ్యి చూసి చెప్పు’ అని అడగండి. బతిమాలండి, టిఫిన్ పెట్టించండి, కావాలంటే ఆ రోజు కూలి మీరే ఇవ్వండి. సాయంత్రం అతను చెప్పేది నోరు మూసుకుని వినండి. ఫీజు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.